కప్పు మీద చాపంత చోటు

అంతా ఎరిగినవాడి సాక్షిగా.

షూఫ్ కొండల్లోని కఫ్ర్ సిందియాన్ గ్రామం, గాలి వాడ కాపురస్తుడిని, కీర్తిశేషుడు హమద్ రెండో కొడుకుని, రాతిపని చేసి బతికినవాడిని, డెబ్బై తొమ్మిదేళ్ళ వయసు గల నాయిఫ్ అనే నేను, పూర్తి స్పృహతో, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, నా చేత్తో నేనే రాసుకున్న వీలునామా ఇది. బుద్ధి సరిగానే ఉంది. కళ్ళు ఫర్వాలేదు. మోకాళ్ళు చెప్పిన మాట వినవు, అయితే వీలునామా రాయడానికి మోకాళ్ళతో పనిలేదు. ఇంతకుముందు నా భార్య నజీరా పోయాక రాసిన కాగితం ఈ కాగితంతో రద్దయింది.

మన ఆచారం ప్రకారం మనిషి తనది ఎవరికి ఇవ్వాలనుకుంటే వాళ్ళకి రాసి ఇవ్వొచ్చు. ఖననం అయ్యాక దాన్ని ఊరి మగవాళ్ళు కూడే మజ్లిస్‌లో అందరి ముందూ చదువుతారు. చదివేవారు, అమలు జరిపేవారు హలీమ్ మాస్టారు. ఆయనకి నా విన్నపం, గట్టిగా చదవాలి. మా అన్న షిబ్లీకి చెవుడు. ముందు వరసలో, ఆయన కుడిచెవి మీవైపు ఉండేట్టు కూర్చోబెట్టండి. ఎడమ చెవి పూర్తిగా పోయింది.

బతికుండగా మజ్లిస్‌లో నేను మాట్లాడింది లేదు. ఒక్కసారి లేచాను. దగ్గి కూర్చున్నాను. ఇవాళ మధ్యలో నన్నెవరూ ఆపలేరు, నేనూ సిగ్గుపడి ఆగలేను. అందుకే చెప్పాల్సిందంతా ఇందులోనే పెట్టాను. కొంచెం పొడుగైతే మన్నించండి. కాఫీ చల్లారితే మళ్ళీ పెట్టించుకోండి.

ఒకటి. నా సమాధికి రాయి వద్దు. మనలో పేరు చెక్కే అలవాటు ఎలాగూ లేదు. నేను పెట్టాల్సిన రాళ్ళు పెట్టేశాను. ఊళ్ళో ఏ గోడ దగ్గర నిలబడి చూసినా సగం నావే.

రెండు. గాలి వాడలో నేను కట్టుకున్న ఇల్లు, రెండు గదులు, వంటిల్లు, ముందున్న అరుగు, కింద మేకల కొట్టం, దాని వెనక నాలుగు మెట్టచేలు, వాటిలోని అంజూర చెట్లతో సహా నా కొడుకు గాలిబ్‌కి సర్వహక్కులతో దఖలు పరుస్తున్నాను. కప్పు మీద మరో అంతస్తు కట్టుకునే హక్కు కూడా వాడిదే, మూడో అంశంలో చెప్పిన చోటు మినహా. తండ్రి కప్పు కొడుక్కి పునాది అంటారు. ఆ మాట కాదనను.

ఈ ఇంటి ఖరీదు గురించి రెండు మాటలు రాయాలి. గొడవంతా అక్కడే ఉంది కాబట్టి.

ఈ ఊరికి రెండు వాడలు. కింద ఊట వాడ. నీళ్ళు, నీడ, కమాను కిటికీలు, గుమ్మం ముందు నిమ్మచెట్లు. పైన గాలి వాడ. మధ్యలో నూటపన్నెండు మెట్లు. పైపు రాక ముందు మా ఆడవాళ్ళు ఆ మెట్లన్నీ దిగి, కడవ నింపుకుని, మళ్ళీ అన్నీ ఎక్కేవాళ్ళు. గాలి వాడకి పిల్లనివ్వడానికి వెనకాడేవాళ్ళు. నాలుగేళ్ళ కిందట ఒకాయన కోసం పట్నం నుంచి బ్రోకరు వచ్చి నా ఇంటికి ఇరవై వేల డాలర్లన్నాడు. అదీ రాళ్ళకే అన్నాడు. మా అన్న ఇంటికి లక్షా ఇరవై వేలన్నాడు.

ఆ మరుసటేడు, ఇళ్ళకి నెట్ ఇచ్చే వజ్దీ ఎదురు శిఖరం మీద టవరు వేశాడు. ఆ టవరుకి ఒకటే గుణం. అది ఏ కప్పుని చూడగలదో ఆ ఇంటికి నెట్ వస్తుంది. మధ్యలో కొండ భుజం అడ్డొస్తే రాదు. గాలి వాడ మొత్తం దాని కళ్ళెదుటే ఉంది. ఊట వాడ కొండ మడతలో ఉంది. ముప్ఫై ఒక్క ఇళ్ళు, ఒక్కటీ కనపడదు.

బేరూత్‌లో అద్దెలు, కరెంటు భరించలేక కంప్యూటర్ పని చేసే పిల్లలు కొండెక్కడం మొదలుపెట్టాక అదే బ్రోకరు మళ్ళీ వచ్చాడు. ఈసారి గోడ తట్టి చూడలేదు. నీళ్ళెలా అని అడగలేదు. గది మధ్యలో నిలబడి ఫోను పైకెత్తి, అందులో ఏదో గిర్రున తిరిగేదాకా చూశాడు. తొంభై వేలన్నాడు. నా గోడ మందం మూడు జానలు. వేసవిలో లోపల దుప్పటి కప్పుకుంటాం. అది చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు.

అక్కడి నుంచి దిగి మా అన్న ఇంటికి వెళ్ళాడు. అక్కడా ఫోనెత్తాడు. అందులో ఏదీ తిరగలేదు. యాభై వేలన్నాడు. ఊట గుమ్మంలోనే ఉంది కదా అని అన్న అడిగితే, "నీళ్ళు సీసాల్లో దొరుకుతాయి షేఖ్, నెట్ సీసాలో దొరకదు" అన్నాడట.

ఆ వారమంతా గాలి వాడలో పండగే. యాభై ఏళ్ళు కిందనుంచి పైకి చూసి నవ్వినవాళ్ళని ఇప్పుడు పైనుంచి కిందికి చూసి నవ్వుతున్నాం. నేనూ నవ్వాను. అబద్ధం రాయను.

మూడు. నా ఇంటి కప్పు మీద ఉత్తరపు మూల, నిద్రకి పరిచే చాపంత చోటు, అందులో నేను కట్టిన రాతి దిమ్మె, దిమ్మెలో పాతిన ఇనుప స్తంభం, స్తంభానికున్న రెండు డిష్ గిన్నెలు, ఒక సోలార్ పలక, బ్యాటరీ పెట్టె, అక్కడికి ఎక్కే బయటి మెట్లమీద రాకపోకల హక్కు, ఇవన్నీ మా అన్న షిబ్లీ కూతురు రుదైనాకి, ఆమె తరవాత ఊట వాడ వాళ్ళందరికీ ఉమ్మడిగా దఖలు పరుస్తున్నాను.

హద్దులు. ఉత్తరం పిట్టగోడ. తూర్పు నీళ్ళ తొట్టి. దక్షిణం, పడమర గాలిబ్ కట్టుకోబోయే గది గోడలు. కింద రాయి. పైన ఆకాశం. అక్కడి నుంచి శిఖరం మీది టవరు దాకా ఉన్న చూపు, ఇటు ఊట వాడ దాకా దిగే చూపు కూడా ఈ చోటులో భాగమే. ఆ చూపుకి అడ్డంగా గోడ లేపకూడదు, చెట్టు పెంచకూడదు, ట్యాంకు పెట్టకూడదు, దుప్పట్లు ఆరేయకూడదు. చూపుని రాసివ్వడం ఎక్కడైనా ఉందా అని హలీమ్ మాస్టారు అడిగారు. నేనెక్కడా చూడలేదు. అయినా రాశాను.

వజ్దీ ఆ చోటుకి అద్దె ఇవ్వనక్కర్లేదు. దానికి బదులు ఊరి బడికి నెట్ ఉచితంగా ఇస్తానని నా అరుగు మీద కూర్చుని మాటిచ్చాడు. మాట తప్పడు. తప్పితే మాస్టారు అడుగుతారు.

నాలుగు. ఆ స్తంభం అక్కడికి ఎలా వచ్చిందో చాలామందికి తెలియదు.

రుదైనా సముద్రాల అవతల కారకాస్‌లో స్థిరపడ్డ మనవాళ్ళ పిల్లలకి కంప్యూటర్లో అరబీ చెబుతుంది. వాళ్ళకి పొద్దున, మనకి సాయంత్రం. ముందు బేరూత్‌లో ఉండి చెప్పేది. వాళ్ళమ్మ పోయాక, తండ్రిని చూసుకోవాలని ఊరికి వచ్చేసింది. వస్తే కింద నెట్ లేదు. రోజూ మూడున్నరకి కంప్యూటర్ సంచీలో పెట్టుకుని నూటపన్నెండు మెట్లు ఎక్కి, మా అరుగు పక్క గోడమీద కూర్చుని పాఠం చెప్పేది. నవంబరు. వాన పడితే గొడుగు మెడకీ భుజానికీ మధ్య ఇరికించుకుని, "అలిఫ్... మళ్ళీ అనండి" అనేది.

పిలవలేదు నేను. లోపలికి రమ్మనడానికి నోరు రాలేదు. నెల రోజులు కిటికీలోంచి చూశాను. ఒకరోజు కుర్చీ ఒకటి బయట పెట్టాను, మీద గొర్రెతోలు వేసి. మర్నాడు టీలా తాగే మాతే ఆకు కాచి పక్కన పెట్టాను. తాగింది. వెళ్తూ, "బాబాయ్, నాన్న ఇల్లు బేరం పెట్టాడు. యాభైకే. నెట్ ఉన్న చోటికి, సముద్రం ఒడ్డుకి వెళ్ళిపోదామంటున్నాడు, నా పని కోసం" అంది. ఊటని విడిచి మా అన్న ఒక్కరోజు బతకడు. ఆ సంగతి ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. ఆయనకే తెలియనట్టుంది.

ఆ మర్నాడు వజ్దీ ఇంటికి వెళ్ళాను. మాట్లాడటం కష్టమని కాగితం మీద బొమ్మ గీసి పట్టుకెళ్ళాను. శిఖరం, నా కప్పు, ఊట వాడ. గీతలు రెండు. శిఖరాన్ని చూసే గిన్నె ఒకటి, కిందికి చూసే గిన్నె ఒకటి. వజ్దీ చూసి, "ఇది అవుతుంది. కానీ గాలికి కదలకూడదు తాతా. వేలెడు కదిలినా కింద పోతుంది" అన్నాడు. కదలని దిమ్మె కట్టడం నాకు తెలిసిన పని. పదకొండు రోజులు పట్టింది. అది నేను కట్టిన చివరి రాతికట్టు.

ఊట వాడకి నెట్ వచ్చింది. మా అన్న ఇల్లు అమ్మలేదు. బ్రోకరు మళ్ళీ వచ్చి ఫోనెత్తి తొంభై అయిదన్నాడు. మా అన్న వాణ్ణి ఊట దగ్గరికి తీసుకెళ్ళి దోసిలితో నీళ్ళు తాగించి పంపాడట. ఇప్పుడు ఆ ఇంట్లో రుదైనాతో పాటు ఊట వాడ ఆడపిల్లలు ఆరుగురు కారకాస్ పిల్లలకి పాఠాలు చెబుతున్నారు. ఇద్దరికి పెళ్ళి కుదిరింది, ఊళ్ళోనే ఉంటామని షరతు పెట్టారట.

అదే సమయంలో గాలి వాడ ధర పదివేలు తగ్గింది. ఇది నిజం. నెట్ ఊరంతా ఉంటే మెట్లెక్కి పైకి ఎందుకొస్తారు? సాయంత్రంపూట అందరూ పంచుకునేసరికి వేగమూ తగ్గుతుంది. గాలిబ్ దగ్గర అద్దెకుండే బేరూత్ జంట రెండుసార్లు గొణిగారు. గాలిబ్ నాతో, "నాన్నా, ఆ స్తంభం తీసేస్తే ఇల్లు పదివేలు ఎక్కువ పలుకుతుంది. నాకిద్దరు ఆడపిల్లలు" అన్నాడు. వాడి మాటలో తప్పు లేదు. ఊరి బడి వ్యాను నడిపి ఇద్దరిని చదివిస్తున్నవాడు పదివేల సంగతి ఆలోచించకుండా ఎలా ఉంటాడు? స్తంభం తీసేస్తే కింద మళ్ళీ యాభై అవుతుంది. మా అన్న సముద్రం ఒడ్డున అద్దె గదిలో పోతాడు. రుదైనా మళ్ళీ ఈ మెట్లెక్కదు. నేనున్నంతకాలం గాలిబ్ ఆ మాట రెండోసారి ఎత్తలేదు. నేను పోయాక ఎత్తమని గాలి వాడంతా వాడి చెవిలో చెబుతోందని నాకు తెలుసు.

ఈ విషయమై మజ్లిస్‌లో గాలి వాడ వాళ్ళు కూడినప్పుడు నా పొరుగు అబూ వాయిల్ అందరి ముందూ నన్నడిగిన మాట ఇది: "ఏరా నాయిఫ్, నీ పెళ్ళాం ఇరవై రెండేళ్ళు నెత్తిన నీళ్ళు మోసింది. కిందవాళ్ళు ఒక్కనాడైనా కడవ పైకి తెచ్చిచ్చారా? నీ భాగం మింగినవాడికి నీ కప్పు మీద చోటిస్తావా?"

అప్పుడే నేను లేచింది. దగ్గి కూర్చుంది. జవాబు ఇప్పుడు చెబుతున్నాను. రెండు ముక్కలు.

మొదటిది. నిండిన కడవని ఏ ఆడదీ తనంతట తాను నెత్తికెత్తుకోలేదు. ఇంకొకళ్ళు ఎత్తి పెట్టాలి. ఇరవై రెండేళ్ళు, పొద్దునా సాయంత్రం, నజీరా నెత్తికి ఆ కడవ ఎత్తిపెట్టింది షిబ్లీ భార్య మున్తహా. నజీరా ఆమెతో ముభావంగా ఉండేది. అయినా ఎత్తింది. కడుపుతో ఉన్నప్పుడు కూడా ఎత్తింది, అప్పుడు కడుపులో ఉన్నది రుదైనా.

రెండో ముక్కకి వేరే అంశం కావాలి.

ఐదు. మా నాన్న పోయిన ఏడు, ఆస్తి పంపకం. మన పద్ధతి అందరికీ తెలిసిందే. పెద్దవాడు భాగాలు వేస్తాడు, చిన్నవాడు ముందు ఎంచుకుంటాడు. అందువల్ల పెద్దవాడు తేడాగా వేయడు. షిబ్లీ రెండు భాగాలు వేశాడు. కింద ఇల్లు, నిమ్మచెట్టు, రెండు మడులు ఒక భాగం. పైన మేకల దొడ్డి, కప్పులేని గోడలు, నాలుగు మెట్టచేలు, నాన్న పెట్టెలోని ఉస్మానీ బంగారు నాణేలన్నీ ఒక భాగం. న్యాయంగానే వేశాడు. నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు, పెళ్ళై మూడు నెలలు. కింద ఇల్లు అడుగుతానని నజీరాకి మాటిచ్చాను. దారంతా ఆ రెండు మాటలు వల్లించుకున్నాను. కింది ఇల్లు, కింది ఇల్లు.

మజ్లిస్‌లో నలభై మంది మగాళ్ళు. మేనమామ అడిగాడు, ఏది కావాలి నీకని. నేను నా చెప్పులు చూస్తున్నాను. షిబ్లీ నా తడబాటు చూసి, నన్ను గట్టెక్కించాలని నవ్వుతూ, "వీడికి మేకలు, గాలి ఇష్టం. పైదే కదరా?" అన్నాడు. నేను తలూపాను.

అంతే జరిగింది. ఎవరూ నా భాగం మింగలేదు. తల నాది, ఊపింది నేను.

ఇంటికొస్తే నజీరా గుమ్మంలో ఉంది. "అడిగావా?" అంది. అడిగానన్నాను. "ఏమన్నాడు?" అంది. నేను మాట్లాడలేదు. ఆ మాట్లాడకపోవడాన్ని తను ఎలా అర్థం చేసుకుందో నాకు తెలిసింది. తెలిసీ ఊరుకున్నాను. మర్నాటి నుంచి షిబ్లీ తన దృష్టిలో నోటి దగ్గర కూడు లాక్కున్నవాడు. తను గాలి వాడ ఆడవాళ్ళకి చెప్పింది. వాళ్ళు మగాళ్ళకి చెప్పారు. యాభై ఒక్క ఏళ్ళు ఈ వాడ మా అన్నని దొంగ అంది, ఆయన పిల్లల పెళ్ళి సంబంధాల్లో కూడా అంది.

అన్నా, నువ్వు ఒక్కమాట అంటే చాలు, నలభైమంది సాక్షులున్నారు. ఆ మాట అంటే నేను నా భార్య ముందు అబద్ధాలకోరునవుతానని నువ్వు అనలేదు. ఒక్కొక్కళ్ళే పోయారు సాక్షులు. ఇప్పుడు నువ్వొక్కడివే ఉన్నావు, నేనూ పోయాను. అందుకని కాగితం మీద పెట్టాను. షిబ్లీ నా భాగం తీసుకోలేదు. ఈ మాట ఇక్కడున్న ప్రతివాడూ ఇంటికెళ్ళి తన ఆడవాళ్ళకి చెప్పాలి. ఎలా పుట్టిందో అలాగే పోవాలి.

నజీరాకి కూడా చెప్పలేదు. చివరి వారంలో చెబుదామనుకుంటే నిద్రలో ఉండేది. ఆ తప్పు ఎవరికీ రాసివ్వడానికి లేదు. నాతోనే వస్తుంది.

ఆరు. నజీరా నీళ్ళు మోసిన మట్టి కడవ, ఒక చెవి విరిగినది, మా అన్న షిబ్లీకి. ఊట పక్కన పెట్టుకోమనండి.

ఏడు. చిన్న చిన్నవి.

నా ఉలులు ఏడు, సుత్తి, తాపీ, తూకపు దారం గాలిబ్ పెద్దకూతురు జుమానకి. రాయిని తట్టి లోపల పగులుందో లేదో చెప్పగలదు. ఆ చెవి గాలిబ్‌కి రాలేదు, దానికి వచ్చింది. ఆడపిల్లకి ఉలులేమిటని నవ్వేవాళ్ళు ముందు ఒక రాయి చెక్కి చూపించాలి.

కుర్చీ, గొర్రెతోలు, మాతే గిన్నె, దాంట్లో పెట్టి పీల్చే వెండి గొట్టం రుదైనాకి.

నా చేతికర్ర అబూ వాయిల్‌కి. దాన్ని పట్టుకుని ఒకసారి నూటపన్నెండు మెట్లు దిగమని, ఊట దగ్గర నిండు కడవ ఒకటి తనంతట తాను నెత్తికెత్తుకుని చూడమని నా కోరిక. మంచి పొరుగువాడు. మంచులో మా గుమ్మం ముందు కూడా తవ్విపెట్టేవాడు. నోరే ఎక్కువ. నాకు తక్కువైనదంతా ఆయనకే పోయిందనుకుంటాను.

పట్నం బ్రోకరుకి మూడు జానల తాడు ఒకటి. నా గోడ మందం అది. ఇల్లు చూసేటప్పుడు ఫోనుతో పాటు జేబులో ఉంచుకోమనండి.

ఎనిమిది. నా సొంత అభిప్రాయం ఒకటి. దీనికి చట్టంతో పనిలేదు. నేను అరవై ఏళ్ళు ఇళ్ళు కట్టాను. ఇంటి ధర గోడల్లో ఉందనుకునేవాణ్ణి. ఒకప్పుడు నీళ్ళలో ఉంది, ఇప్పుడు నెట్‌లో ఉంది, రేపు ఎక్కడుంటుందో. పైకి ఎక్కినప్పుడు నేనేమీ చేయలేదు, కిందికి దిగినప్పుడు మా అన్నా ఏమీ చేయలేదు. మనం చేసింది కానిదాన్ని చూసుకుని నవ్వడం బాగోదు. అదీగాక పదివేలు తగ్గిన ఇంట్లో కూడా వేసవిలో దుప్పటి కప్పుకుంటాం.

<s>తొమ్మిది. నా కొడుకు గాలిబ్ గాని, వాడి వారసులు గాని, వాడి దగ్గర కొన్నవాళ్ళు గాని మూడో అంశంలోని స్తంభాన్ని తీసినా, కదిపినా, దాని చూపుకి అడ్డం కట్టినా, రెండో అంశం ప్రకారం ఇచ్చిన ఇల్లు, చేలు మొత్తం ఆ రోజుతో వాడికి కాకుండా పోయి మజ్లిస్ ఉమ్మడి ఆస్తి అవుతాయి.</s>

ఇది ఇష్టపూర్వకంగా రాసి, చదువుకుని, సంతకం చేశాను.

2022 అక్టోబరు 9, కఫ్ర్ సిందియాన్.
నాయిఫ్, హమద్ కొడుకు

పై వీలునామాకి చేర్పు.

నేను ఇంకా ఉన్నాను. అందుకని కొన్ని మార్పులు.

మొన్న గురువారం వడగళ్ళూ మంచూ కలిసి కొట్టాయి. మధ్యాహ్నం మూడుగంటల వేళ స్తంభం పైభాగం వంగింది. దిమ్మె కదల్లేదు, ఇనుము వంగింది. కింద ఊట వాడ మొత్తం నెట్ పోయింది. మా పై వాడకి ఏమీ కాలేదు, ఇంకా వేగంగా వచ్చిందట. నేను వంటింటి కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాను. అనుకున్నాను, గాలిబ్ ఏమీ చేయనక్కర్లేదు, ఊరికే కూర్చుంటే చాలు, గాలే తీసేసింది.

కాసేపటికి కిటికీ ముందునుంచి బయటి మెట్లమీద వాడి కాళ్ళు పైకెళ్ళాయి. కోటు లేదు. కప్పు మీద చాలాసేపు చప్పుడు. దిగేటప్పుడు వాడి తల, గడ్డం తెల్లగా ఉన్నాయి. ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని దిగాడు. ఏమిట్రా అన్నాను. "కప్పు కారుతోందేమోనని చూశా, నాన్నా" అన్నాడు. నేను వేసిన కప్పు యాభై ఏళ్ళుగా కారలేదు, వాడికీ తెలుసు. మర్నాడు ఎండొచ్చాక పైకెక్కి చూశాను. వంగిన స్తంభాన్ని నిలబెట్టి, పిట్టగోడ కొక్కేనికి లాగి కట్టాడు. కట్టింది వాడి బెల్టుతో. రుదైనా పాఠం నాలుగింటికి. నాలుగవడానికి ఐదు నిమిషాల ముందు వచ్చేసిందట నెట్.

వాడూ నాలాగే. చెప్పడు.

అందుచేత తొమ్మిదో అంశం కొట్టేశాను. కనపడకుండా చెరపకూడదు, ఒక గీత గీసి పక్కన సంతకం పెట్టాలన్నారు మాస్టారు. అలాగే చేశాను. గాలిబ్, నిన్ను నమ్మక ఒక అంశం రాశాను. అందరిముందూ అది కూడా చదువుతారు. మన్నించు. బెల్టు కొత్తది కొనుక్కో, ఆ పాతది అక్కడే ఉండనీ. వజ్దీ ఇనుప పట్టీ తెచ్చినా దాని మీదే వేయమను.

ఇంకొకటి. కొడుకు అంత చలిలో పైకెక్కితే నేను మాట ఒకటి చెప్పడానికి చచ్చేదాకా ఆగడం ఏమిటని నిన్న కర్ర తీసుకుని బయల్దేరాను. నజీరా కడవ గాలిబ్ పట్టుకున్నాడు. మెట్లు దిగడానికి గంట పట్టింది. షిబ్లీ నిమ్మచెట్టు కింద ఎండలో కూర్చుని ఉన్నాడు. కుడివైపు కూర్చుని, ఐదో అంశంలో రాసిందంతా మెల్లగా చెప్పాను.

ఆయన చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, "గట్టిగా చెప్పు" అన్నాడు.

మళ్ళీ చెప్పాను. వినపడలేదు. మూడోసారి అరిచి చెప్పాను. నా గొంతు అంత ఉందని నాకే తెలియదు. వీధిలో కిటికీలన్నీ తెరుచుకున్నాయి. లోపల రుదైనా పాఠం చెబుతోంది. కారకాస్ పిల్లలు కూడా విన్నారట. ఒక పిల్ల, ఆ తాత ఎవరిమీద కేకలేస్తున్నాడని అడిగిందట. తనమీద తనే అని చెప్పిందట రుదైనా.

షిబ్లీ అంతా విని, "నూటపన్నెండు మెట్లు దిగడానికి యాభై ఒక్క ఏళ్ళు పట్టిందేంట్రా" అన్నాడు. నిమ్మకాయలు కోయించాడు.

కాబట్టి ఐదో అంశం ఊరంతా విన్నదే. అయినా చదవండి. అబూ వాయిల్ నిన్న పట్నం వెళ్ళాడు.

ఆరో అంశం మాత్రం చెల్లదు. కడవ షిబ్లీ ముందు పెట్టాను, నీదన్నాను. తీసుకోలేదు. వచ్చిన పాత్రని ఖాళీగా ఎవరు తిప్పి పంపుతారు అన్నాడు. రుదైనా ఊట దగ్గర నింపింది. వాళ్ళమ్మలాగే రెండు చేతులూ కిందపెట్టి ఎత్తింది. గాలిబ్ భుజాన పెట్టుకుని మెట్లెక్కాడు. నేను వెనకాల మెల్లగా వచ్చాను.

ఇప్పుడది వంటింటి కిటికీ కింద ఉంది. నిండుగా.

2023 జనవరి 28, కఫ్ర్ సిందియాన్.
నాయిఫ్, హమద్ కొడుకు

మా ఎదుట రాసి సంతకం చేసిన మాట నిజం. మాకిద్దరికీ ఇందులో ఏ భాగమూ లేదు.

సాక్షి: హలీమ్, విశ్రాంత ఉపాధ్యాయుడు
సాక్షి: ఇల్యాస్, మూసా కొడుకు, పక్క ఊరి రొట్టెల కొట్టు